టైటిల్ రోల్ చేసిన లారీ!

సినిమా టైటిల్స్‌లో హీరో పేరు పడుతుంది. హీరోయిన్ పేరు పడుతుంది. ఫైట్లు కంపోజ్ చేసినవారి పేరు, విగ్గులు సప్లయి చేసినవారి పేరు కూడా పడతాయి. కానీ వానలో తడిసి, బురదలో దొర్లి, నదిలో పడి లేచి, మళ్ళీ మరుసటి ఉదయం షూటింగుకి హాజరైన ఒక ఆర్టిస్టు పేరు మాత్రం చాలా సినిమాల్లో పడదు. ఎందుకంటే ఆ ఆర్టిస్టుకి కాళ్ళూ చేతులూ లేవు. పది టైర్లున్నాయి!

అయితే ఒకే ఒక్క సినిమాలో మాత్రం ఏకంగా టైటిల్ రోలే దక్కింది. 1977లో వచ్చిన హాలీవుడ్ చిత్రం ‘సార్సరర్’. అంటే మాంత్రికుడు. సినిమా చూడబోయిన జనం మంత్రాలూ దయ్యాలూ వుంటాయనుకుని వెళ్ళారు. వాళ్ళ తప్పూ లేదు. దర్శకుడు విలియం ఫ్రీడ్‌కిన్ అంతకు ముందు 1973లో ‘ఎక్సార్సిస్ట్’ తీసి ప్రపంచాన్నంతటినీ భయపెట్టినవాడు. తీరా చూస్తే సార్సరర్ అనేది ఒక లారీ పేరు. మన లారీల ముందు ‘శ్రీ వెంకటేశ్వర’ అనో ‘దుర్గాభవాని’ అనో రాసుకున్నట్లు ఆ బానెట్ మీద ఆ పేరు రాసి వుంటుంది.

కథ సింపుల్. లాటిన్ అమెరికాలో ఓ దిక్కుమాలిన ఊరు. తలో దేశంలో తలో నేరం చేసి పారిపోయి వచ్చి దాక్కున్న నలుగురు మనుషులు. రెండొందల మైళ్ళకు పైగా దూరంలో ఒక చమురు బావి అంటుకుంది. ఆర్పాలంటే డైనమైట్ కావాలి. ఉన్న డైనమైట్ పాతబడి నైట్రోగ్లిజరిన్ కారుతోంది. గట్టిగా కుదిపితే చాలు, లారీ లేదు, డ్రైవరు లేడు! దాన్ని రెండు లారీల్లో పెట్టి అడవిదారిన తీసుకుపోవాలి. అంతే కథ. ఇదే కథని 1953లో ఫ్రెంచి దర్శకుడు అన్రీ జార్జ్ క్లూజో ‘వేజెస్ ఆఫ్ ఫియర్’గా తీశాడు. ఆ సినిమాకి కాన్స్‌లోనూ బెర్లిన్‌లోనూ పెద్ద బహుమతులు వచ్చాయి.

తాడు వంతెన మీద అయిదు టన్నులు

సార్సరర్‌లో మీరు తప్పక చూడాల్సింది వంతెన సీను. కుండపోత వాన. కింద పొంగుతున్న ఏరు. పైన తాళ్ళతో వేలాడే చెక్క వంతెన. సగం పలకలు పుచ్చిపోయాయి. ఒక మనిషి వంతెన మీద వెనక్కి వెనక్కి నడుస్తూ, చేయి ఊపుతూ దారి చూపిస్తాడు. అయిదారు టన్నుల లారీ అంగుళం అంగుళం కదులుతుంది. వంతెన మొత్తం ఒక పక్కకి ఒరిగిపోతుంది. లారీ కూడా ఒరిగిపోతుంది. థియేటర్లో కూర్చున్న మనం కూడా తెలియకుండానే రెండో పక్కకి ఒరుగుతాం!

ఈ సీను మన మోనిటర్ల కాలంలో పెట్టె నొక్కి తయారుచేసింది కాదు. మొదట డొమినికన్ రిపబ్లిక్‌లో ఓ నది మీద వంతెన కట్టారు. కింద హైడ్రాలిక్ యంత్రాలు దాచారు. ఎప్పుడు ఎటు ఒరగాలో ఆ యంత్రాలే ఒరిగిస్తాయి. అంతా సిద్ధం చేసుకునేసరికి నది ఎండిపోయింది! ఎన్నడూ ఎండని నది అది. ఇక చేసేది లేక వంతెన విప్పి, మెక్సికోలో తుస్తెపెక్ అనే ఊరి దగ్గరకు మోసుకుపోయి మళ్ళీ కట్టారు. అక్కడా నీళ్ళు తగ్గడం మొదలైంది. పంపులతో వాన కురిపించారు. లారీ ఒకసారి కాదు, పలుమార్లు జారి నీళ్ళలో పడింది. ప్రతిసారీ పైకి లాగి, కడిగి, స్టార్ట్ చేసి మళ్ళీ ఎక్కించారు. యూనిట్లో చాలామందికి జ్వరాలు వచ్చాయి. డైరెక్టరుకి మలేరియా పట్టుకుంది.

ఇంత కష్టపడితే ఏమైంది? 1977 మే 25న ‘స్టార్ వార్స్’ రిలీజయింది. సరిగ్గా నెల తరువాత సార్సరర్ వచ్చింది. హాలీవుడ్‌లోని ప్రఖ్యాత చైనీస్ థియేటర్లో స్టార్ వార్స్‌ని ఎత్తి దీన్ని వేశారు. జనం రాలేదు. దీన్ని ఎత్తి మళ్ళీ స్టార్ వార్సే వేశారు! సుమారు రెండు కోట్ల ఇరవై లక్షల డాలర్లు పెట్టి తీసిన సినిమా అందులో సగం కూడా తెచ్చుకోలేకపోయింది. దాదాపు నలభై ఏళ్ళ తరువాత, 2013లో, ప్రింటు బాగుచేసి వెనిస్ చిత్రోత్సవంలో వేస్తే విమర్శకులు నీరాజనాలు పట్టారు. 2023లో కన్నుమూసిన ఫ్రీడ్‌కిన్ తన సినిమాలన్నిటిలోకీ ఇదంటేనే ఎక్కువ ఇష్టమని చెబుతూ వచ్చాడు.

తాత లేచి వెళ్ళిపోయాడు

నేను ఈ సినిమాని 2014లో మా ఊళ్ళో చూశాను. శ్రీకాకుళం జిల్లాలో మాది ఓ చిన్న పల్లె. వేసవి రాత్రి, వాకిట్లో మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని చూస్తున్నాను. పక్కన మా తాత. అప్పటికి ఆయనకి డెబ్భై ఆరేళ్ళు. ఇంగ్లీషు ముక్క రాదు. ఎన్టీఆర్ జానపదాలు తప్ప మిగతావి సినిమాలే కావని ఆయన నిశ్చితాభిప్రాయం. అయినా లారీ అడవిలో దిగబడే సీను దగ్గర్నుంచీ కళ్ళార్పకుండా చూస్తున్నాడు.

వంతెన సీను వచ్చింది. వాన, బురద, తీగలు, అడవి. లారీ సగం వంతెన దాకా వచ్చింది. తాత ఉన్నట్టుండి లేచాడు.

‘‘ఏట్రా ఇది? ఆపీరా బాబూ’’ అన్నాడు.

‘‘ఇంకాస్సేపట్లో దాటేస్తాది తాతా. కూకో’’ అన్నాను.

‘‘ఇలాటి బండొక్కటుంటే మా అమ్మ బతికీది’’ అని చుట్ట వెలిగించుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా ముత్తవ్వ రంగం నుంచి వచ్చేటప్పుడు దారిలో పోయిందని చిన్నప్పుడు విన్నాను. రంగం అంటే రంగూన్. మా వైపు ఆ రోజుల్లో ప్రతి ఇంటి నుంచీ ఒకరైనా రంగం పోయినవారే. పోయింది అంటే ఎలా పోయింది, ఎక్కడ పోయింది అని నేనెప్పుడూ అడగలేదు. తాతా చెప్పలేదు. లారీ సంగతి రాద్దామని మొదలుపెట్టి ఆ సంగతి దాకా పోయాను. అది చివర్లో చెబుతాను. ముందు లారీ.

జిమ్మీ గారి జాతకం

సార్సరర్‌లో వాడినవి జీఎంసీ ఎం211 రకం సైనిక లారీలు. సినిమాలో పాత ఇనుప సామాన్ల గుట్టలోంచి వాటిని ఏరి, విప్పి, బిగించి తయారుచేస్తారు. అవి 1950లలో పుట్టిన తరం. వాటికి ముందు తరం పెద్దాయన ఒకడున్నాడు. అసలు కీర్తి అంతా ఆయనది. రెండో ప్రపంచ యుద్ధంలో 1941 నుంచి 1945 దాకా అమెరికాలో తయారైన జీఎంసీ రెండున్నర టన్నుల లారీ. ఫ్యాక్టరీ వారి సంకేతం ‘సీసీకేడబ్ల్యు’. సిపాయిలకి అంత పొడుగు పేరు నోరు తిరుగుతుందా? ముద్దుగా ‘జిమ్మీ’ అన్నారు. అలాటి లారీలు అయిదు లక్షలకు పైగా తయారయ్యాయి!

ఏమిటి దీని గొప్ప? మామూలు లారీకి ఇంజను బలం వెనక చక్రాలకే వెళుతుంది. ముందు చక్రాలు ఊరికే దొర్లుతాయి. వెనక చక్రం బురదలో పడిందా, అక్కడే గిరగిరా తిరుగుతుంది. క్లీనరు రాళ్ళు వేసి, కొమ్మలు వేసి, చివరికి తన కండువా కూడా వేసి తోయాల్సిందే. జిమ్మీలో మూడు ఇరుసులకీ ఇంజను బలం అందుతుంది. వెనక రెండు ఇరుసులకీ జోడు టైర్లు. ముందు రెండు, వెనక ఎనిమిది, వెరసి పది. నాలుగు జారినా ఆరు పట్టుకుంటాయి. అయిదు గేర్లు కాక ఇంకో చిన్న గేరుపెట్టె వుంది. దాని లివర్ వేస్తే వేగం పడిపోయి లాగే బలం పెరుగుతుంది. ఎద్దు తల వంచి మెడ బిగించినట్లన్నమాట.

కొన్నిటికి ముందు బంపరు దగ్గర ఇనుప తాడు చుట్టిన చక్రం వుండేది. బండి మరీ లోతుగా దిగబడితే ఆ తాడు కొసని ఎదురుగా ఉన్న చెట్టుకి కట్టడం, చక్రం తిప్పడం. తన జుట్టు తాను పట్టుకుని బావిలోంచి పైకి లాక్కున్నట్లు లారీ తనని తానే లాక్కునేది!

ఇంజను చూస్తే పెద్ద వస్తాదేం కాదు. ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను. నూరు గుర్రాల శక్తికి అటూ ఇటూ. గంటకి డెబ్భై కిలోమీటర్లు పోతే గగనం. రోడ్డు లేని చోట రెండున్నర టన్నులు మోయమని రాసిచ్చారు. మంచి రోడ్డు మీద దానికి రెట్టింపు వేశారు. అయినా మోసింది. యుద్ధంలో ఇనుము కరువైతే వెనక తొట్టి చెక్కతో చేశారు. డ్రైవరు గది పైకప్పు తీసేసి టార్పాలిన్ కప్పారు. విప్పి పెట్టెల్లో సర్ది ఓడలెక్కించి, దిగినచోట మళ్ళీ బిగించారు.

ఒకడే నటుడు, పది వేషాలు

మన కారెక్టర్ ఆర్టిస్టుల్లో కొందరుంటారు. ఉదయం తండ్రి వేషం, మధ్యాహ్నం పోలీసు, సాయంత్రం పూజారి. జిమ్మీ కూడా అంతే. తొట్టి పెడితే సరుకుల లారీ. ట్యాంకులు బిగిస్తే పెట్రోలు బండి. పెట్టెలాంటి గది కడితే ఆపరేషన్ థియేటరు! లేతు యంత్రం, వెల్డింగు సామాను వేస్తే నడిచే వర్కుషాపు. డ్రైవరు నెత్తిమీద ఇనుప వలయం బిగించి మర తుపాకి పెడితే విమానాలకి ఎదురు నిలిచే యోధుడు. ప్రతి నాలుగు బండ్లలో ఒకదానికి ఆ వలయం వుండేది.

అన్నిటికన్నా వింత వేషం నీటి వేషం. ఇదే లారీకి పడవ ఆకారంలో ఒళ్ళు తొడిగి, వెనక పంకా బిగించి ‘డక్’ అనేదాన్ని చేశారు. నేల మీద లారీ, నీళ్ళలో పడవ. డ్రైవరు కూర్చున్నచోటు నుంచే టైర్లలో గాలి తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. ఇసుక వస్తే గాలి తగ్గించి టైరు పరుచుకునేలా చేయడం, గట్టి నేల రాగానే గాలి పెంచడం. సైనికాధికారులు మొదట దీన్ని చూసి పెదవి విరిచారు. 1942 డిసెంబరులో అమెరికా తూర్పు తీరాన ప్రావిన్స్‌టౌన్ దగ్గర పెనుగాలిలో ఒక గస్తీ పడవ ఇసుక తిన్నెకి కొట్టుకుని చిక్కుకుపోయింది. మామూలు పడవలు దగ్గరికి పోలేకపోయాయి. పరీక్ష కోసం అక్కడికి తెచ్చిన డక్ సముద్రంలోకి దూకి ఏడుగురినీ ఒడ్డుకి చేర్చింది. అంతే, విరిచిన పెదవులు మూతపడ్డాయి! యుద్ధమయ్యాక వీటిలో కొన్ని టూరిస్టుల్ని ఎక్కించుకుని సరస్సుల్లో షికార్లు కొట్టాయి.

ఇక ఆరు చక్రాలూ తోలే స్టూడిబేకర్ లారీ జిమ్మీకి వరసకి తమ్ముడు. దాన్ని అమెరికా రష్యాకి పంపితే, రష్యావారు దాని వీపు మీద కత్యూషా రాకెట్లు ఎక్కించారు. ఫ్రాన్సు సైన్యమైతే యుద్ధం ముగిసిన తరువాత కూడా దశాబ్దాల తరబడి జిమ్మీల్ని వదల్లేదు.

ఎర్ర బంతి దారి

1944 ఆగస్టు. ఫ్రాన్సులో అమెరికా సైన్యం ఎంత వేగంగా ముందుకు పోయిందంటే వెనకనుంచి పెట్రోలు అందడం లేదు. రైలు పట్టాలు బాంబులకి తునాతునకలయ్యాయి. ఇక దిక్కు లారీలే. ఆగస్టు 25న ‘రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్’ మొదలైంది. ఒక రోడ్డు పోవడానికి, ఇంకో రోడ్డు రావడానికి. ఆ రోడ్ల మీద వేరే బండి రాకూడదు. దారి పొడుగునా ఎర్ర బంతి గుర్తులు. జోరుగా నడుస్తున్న రోజుల్లో ఆరువేలకి కాస్త తక్కువగా లారీలు రోజుకి పన్నెండు వేల టన్నుల పైచిలుకు సరుకు చేరవేశాయి. రాత్రిళ్ళు దీపాలు లేవు. పిల్లికన్నంత సన్నటి వెలుతురులో ముందు బండి వెనక భాగం చూసుకుంటూ పోవడమే. వేగం పెరగకుండా ఇంజనుకి బిగించిన మరని డ్రైవర్లు గుట్టుచప్పుడు కాకుండా ఊడబీకేవారు. కునికిపాట్లు పడితే నడుస్తున్న బండిలోనే సీటు మారేవారని చెబుతారు. ఇలా నవంబరు 16 దాకా సాగింది.

ఆ డ్రైవర్లెవరో తెలుసా? నూటికి డెబ్భై అయిదుమంది నల్లజాతి సిపాయిలు. ఆ రోజుల్లో అమెరికా సైన్యంలో నల్లవారికి వేరే దళాలు, వేరే భోజనాలు. చాలామందికి తుపాకి ఇచ్చి ముందు వరసలో నిలబెట్టేవారు కాదు. స్టీరింగు ఇచ్చారు. ఆ స్టీరింగుతోనే వాళ్ళు యుద్ధాన్ని ముందుకు నడిపారు.

ఈ కథని 1952లో హాలీవుడ్ సినిమాగా తీసింది. పేరు అదే, ‘రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్’. దర్శకుడు బడ్ బెటికర్. మరి హీరో ఎవరు? జెఫ్ చాండ్లర్, తెల్లవాడు. నిజంలో నూటికి డెబ్భై అయిదుమంది అయినవారు తెరమీద పక్క వేషాల్లోకి జరిగారు. ఆ పక్క వేషాల్లో ఒక కుర్రాడున్నాడు. ఇరవై అయిదేళ్ళ వయసు. కళ్ళలో నిప్పు. పేరు సిడ్నీ పోయిటియర్. పన్నెండేళ్ళ తరువాత, 1964లో, ఉత్తమ నటుడుగా ఆస్కార్ అందుకున్నాడు. ఆ బహుమతి అందుకున్న మొదటి నల్లజాతి నటుడు ఆయనే.

లేడో నుంచి...

ఇప్పుడు మా తాత దగ్గరికి వద్దాం.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. తరువాతి మార్చిలో ఊరు జపాను వశమైంది. బర్మాలో ఉన్న లక్షలాది భారతీయులు ఇంటిదారి పట్టారు. అందులో రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేసే మన తెలుగువారు వేలకి వేలు. ఓడలు అందరికీ దొరకలేదు. విమానాలు పెద్దవాళ్ళకి. మిగతావారికి కాళ్ళు. ఉత్తరాన మిచీనా దాకా పోయి, అక్కడా దారి మూసుకుపోతే హుకాంగ్ లోయ గుండా నడిచి, పాంగ్సౌ కనుమ దాటి అస్సాంలోని లేడోకి చేరాలి. అది 1942 వానాకాలం. మోకాలి లోతు బురద. జలగలు, మలేరియా, కలరా. అస్సాం టీ తోటలవారు దారిలో శిబిరాలు పెట్టి అన్నం పెట్టారు. అక్కడిదాకా రాగలిగినవారు బతికారు. రాలేనివారు వేలల్లో ఆ దారిలోనే ఉండిపోయారు.

మా తాతకి అప్పుడు నాలుగేళ్ళు. తండ్రి భుజం మీద వచ్చాడు. తల్లి రాలేదు. హుకాంగ్ లోయలో ఓ ఏటి ఒడ్డున జ్వరంతో కూర్చుండిపోయింది. ‘‘పిల్లడ్ని అట్టుకెల్లిపో’’ అందట మొగుడితో. ఇది తాత మర్నాడు పొద్దున్న, నేను అడిగితే, వేపపుల్ల నములుతూ చెప్పాడు. డెబ్భై రెండేళ్ళు దాచుకున్న మాట రెండు నిమిషాల్లో అయిపోయింది.

సరిగ్గా ఆ లోయలోంచే, అదే ఏడాది డిసెంబరులో, అమెరికా సైన్యం రోడ్డు వేయడం మొదలుపెట్టింది. చైనాకి సామాను పంపాలి మరి! లేడో నుంచి బర్మా అడవుల మీదుగా పాత బర్మా రోడ్డుని కలిపి కున్‌మింగ్ దాకా 1,079 మైళ్ళు. రోడ్డు వేసిన సుమారు పదిహేను వేలమంది అమెరికన్ సిపాయిల్లో సగానికి పైగా మళ్ళీ నల్లవారే. వారితోపాటు వేలాదిమంది మన కూలీలు. వెయ్యిమందికి పైగా అమెరికన్లు ఈ పనిలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. మైలుకొక మనిషి అన్నారు. మన కూలీలు ఎంతమంది పోయారో ఆ మైళ్ళ లెక్కలో లేదు.

1945 జనవరి 12న లేడో నుంచి మొదటి బారు బయల్దేరింది. 113 బండ్లు. లారీలు, జీపులు, అంబులెన్సులు. తోలేవాళ్ళలో నల్లజాతి డ్రైవర్లూ చైనా డ్రైవర్లూ వున్నారు. ముందు ఇంకా పోరాటం సాగుతుంటే మిచీనాలో ఆగారు. దారి తెరుచుకున్నాక కదిలి ఫిబ్రవరి 4న కున్‌మింగ్ చేరారు. మూడేళ్ళు కూడా కాలేదు, మనుషులు కాలి నడకన రాలేక చచ్చిపోయిన లోయలోంచి లారీలు హారన్ కొట్టుకుంటూ పోయాయి. యుద్ధం ముగిశాక ఆ రోడ్డుని పట్టించుకున్నవాడు లేడు. చాలాభాగం మళ్ళీ అడవిపాలయింది.

ఇదంతా చదివి తెలుసుకుని తాతకి చెప్పాను. ఆయన ముందు లెక్క వేసుకున్నాడు. నలభై రెండు, నలభై అయిదు అని వేళ్ళు మడిచాడు.

‘‘అంటే ఎయ్యొచ్చన్నమాట రోడ్డు’’ అన్నాడు.

‘‘వెయ్యొచ్చు తాతా.’’

‘‘సామానుకైతే ఏసినారు’’ అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు.

నేను సినిమాల మీద చాలా వ్యాసాలే రాశాను. ఏ తెరమీది డైలాగూ నన్ను అంతగా కొట్టలేదు. లారీ తప్పేం లేదు. అది ఏం వేస్తే అది మోస్తుంది. బియ్యం వేస్తే బియ్యం, బాంబులు వేస్తే బాంబులు, మనుషుల్ని ఎక్కిస్తే మనుషులు. ఎక్కించేవాడి మీదే వుంది అంతా.

ఆ రాత్రి భోజనాలయ్యాక తాత తనే మంచం వాకిట్లోకి లాగాడు.

‘‘ఆ లారీ బొమ్మెయ్యిరా. ఆపీసిన కాడ్నించే ఎయ్యి’’ అన్నాడు.

వేశాను. వాన. వంతెన. పలకలు విరుగుతున్నాయి. లారీ ఒరుగుతోంది. తాత నా మోకాలు గట్టిగా పట్టుకున్నాడు. ముందు చక్రాలు ఒడ్డు ఎక్కాయి. వెనక జోడు టైర్లు ఒకసారి జారాయి. మళ్ళీ పట్టుకున్నాయి. లారీ ఒడ్డుకి వచ్చేసింది.

‘‘దాటీసిందిరా!’’ అన్నాడు తాత. ఆ తరువాత కథ ఏమైందని అడగలేదు. దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.

మీరు మాత్రం చివరిదాకా చూడండి.